కల్లంలో నడిచినట్టు

నేను చదివిన చదువు పేరు క్లినికల్ ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ. ఈ పేరు మా ఊళ్ళో ఒక్కసారిలో ఎవరికీ నోరు తిరగలేదు. తిరిగినవాళ్ళకి అర్థం కాలేదు. "అంటే జిమ్ము పెడతావా?" అని ఒకరు, "డ్రిల్లు టీచరు ఉద్యోగం వస్తదా?" అని ఇంకొకరు, "డాక్టరూ కాదు, నర్సూ కాదు, మరి ఏందమ్మా నువ్వు?" అని మరొకరు. జబ్బు చేసి లేచిన మనిషి గుండె, ఊపిరి ఎంత పనికి తట్టుకుంటాయో కొలిచి, మెల్లగా నడిపించి, మళ్ళీ వాళ్ళ పనిలోకి వాళ్ళని పంపించే చదువని మొదట్లో ఓపికగా చెప్పేదాన్ని. సగం చెప్పేసరికి వాళ్ళు వానల గురించో పెళ్ళిళ్ళ గురించో మాట్లాడుకునేవాళ్ళు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. కొన్నాళ్ళకి చెప్పడం మానేశాను.

మా అత్త మాత్రం ఒక్క మాటలో తేల్చేసింది. "ఆయాసం చదువు," అంది. ఎవరడిగినా అదే చెప్పేది. "మా మేనకోడలు గుంటూరులో ఆయాసం చదువుతోంది." విన్నవాళ్ళు అర్థమైనట్టు తల ఊపేవాళ్ళు. నాకు చిరాకేసేది. ఇప్పుడాలోచిస్తే యూనివర్సిటీవాళ్ళు పెట్టిన పేరు కంటే అదే నయం అనిపిస్తుంది.

అత్త అంటే నాన్నకి అక్క. అమ్మానాన్నలకి ఒంగోలులో ఉద్యోగాలు, ఇద్దరూ పొద్దున వెళితే చీకటిపడ్డాక వచ్చేవాళ్ళు. అందుకని ఒకటో తరగతి నుంచి ఇంటర్ అయ్యేదాకా నన్ను అత్త దగ్గర ఉంచారు. అత్తకీ మామయ్యకీ నాలుగెకరాల మిరప, రెండెకరాల పత్తి, నేను. ఈ మూడింటిలో ఎక్కువ విసిగించింది నేనేనని అత్త ఇప్పటికీ అంటుంది.

చేను మామయ్యది, కల్లం అత్తది. ఇది ఎవరూ కాగితం మీద రాసుకోలేదు, అందరికీ తెలుసు. కాయ కోసి కల్లానికి చేరేదాకా మామయ్య మాట. కల్లంలో పరిచాక అత్త మాట. ఏ వైపు కాయ ఎండింది, ఏ వైపు పచ్చి ఉంది, ఎప్పుడు తిరగేయాలి, మంచు పడకముందే పట్టా ఎప్పుడు కప్పాలి, రంగు పోయిన తాలు కాయ ఏరడానికి ఎవరెవరు కూర్చోవాలి, అన్నీ అత్తే చెప్పేది. గుప్పెడు కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఆడించేది. లోపల గింజల చప్పుడు విని, ఇంకో రెండెండలు కావాలనో, ఇక టిక్కీలు తొక్కించవచ్చనో తేల్చేది. టిక్కీ అంటే కాయని కూరి తొక్కి కుట్టిన బస్తా. మా అత్త సరే అనకుండా మా కల్లంలో ఒక్క టిక్కీ కూడా కుట్టిన గుర్తు లేదు.

చిన్నప్పుడు బడి నుంచి రాగానే నేను కల్లం గట్టు మీద కూర్చుని ఆ ఎరుపు చూస్తూ ఉండిపోయేదాన్ని. సగం కళ్ళు మూస్తే ఆ ఎరుపు నేల మీద నుంచి లేచి కొంచెం పైన తేలుతున్నట్టు ఉండేది. ఎండకి గాలి వణికేది. అందులో ఆడవాళ్ళు అటూ ఇటూ జరుగుతూ కనిపించేవాళ్ళు. వాళ్ళు నడుస్తున్నారో, ఎవరో లాగుతుంటే జరుగుతున్నారో తెలిసేది కాదు. అంత చూసినదాన్ని, ఆ నడక ఏమిటని ఒక్కసారి కూడా అడగలేదు.

యూనివర్సిటీలో మా ల్యాబు రెండో అంతస్తులో ఉండేది. కిటికీలోంచి హైవే, దాని అవతల పత్తి చేలు, ఇంకా అవతల కోల్డ్ స్టోరేజీల తెల్ల గోడలు కనిపించేవి. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చాక ట్రెడ్‌మిల్ మీద మాలో ఒకరు నడిచేవాళ్ళు, మిగతావాళ్ళు చుట్టూ నిలబడేవాళ్ళం. ఒంటి నిండా వైర్లు, ముఖానికి మాస్కు, పక్కన కాగితం మీద గీతలు. మిషను మూలుగు, ఫ్యాను చప్పుడు, మాస్కులోంచి వచ్చే ఊపిరి, ఇంతే. నేను నా మణికట్టు మీద వేళ్ళు పెట్టుకుని సొంత నాడి లెక్కపెట్టుకుంటూ నిలబడే నిద్రలోకి జారేదాన్ని. అరవై తొమ్మిది, డెబ్బై, డెబ్బై ఒకటి. ఎక్కడో అత్త గుప్పిట్లో గింజలు గలగలమనేవి. "అమ్మా, నాలుగో నిమిషం రీడింగు ఎంత?" అని మా మేడం అడిగేవారు. నేను ఏదో ఒకటి చెప్పేదాన్ని. అది చాలాసార్లు తప్పయ్యేది.

సీజన్లో గాలి తిరిగితే మిరప ఘాటు ల్యాబులోకి కూడా వచ్చేది. ట్రెడ్‌మిల్ మీద మనిషి తుమ్మితే కాగితం మీద గీత ఎగిరి పడేది. వేరే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ తిట్టుకునేవాళ్ళు. నాకు మాత్రం ఇంటి నుంచి ఎవరో వచ్చి తలుపు దగ్గర నిలబడినట్టుండేది.

అత్త ఆయాసం నేను చదువులో చేరాకే బయటపడింది. అంతకుముందూ ఉందట. నీళ్ళ బిందె ఎత్తుకుని రెండు మెట్లెక్కి ఆగేది, ఎవరైనా చూస్తే కొంగు సవరించుకున్నట్టు నటించేది. నేను సెలవులకి వచ్చినప్పుడు ఆ ఆగడం చూశాను. చదువు ఎక్కడా అక్కరకి రాకపోయినా ఆ ఒక్కరోజు వచ్చింది. గుంటూరు తీసుకెళ్ళాం. చిన్నప్పుడెప్పుడో కీళ్ళ నొప్పులతో వచ్చిన జ్వరం గుండె కవాటాన్ని పాడుచేసిందన్నారు. కార్తీకమాసంలో ఆపరేషను చేసి లోహపు కవాటం పెట్టారు.

ఇంటికొచ్చాక ఒక మధ్యాహ్నం అత్త పక్కన పడుకున్నాను. ఫ్యాను ఆగిపోయింది, కరెంటు పోయినట్టుంది. అప్పుడు వినిపించింది. టిక్, టిక్ అని చిన్న చప్పుడు. గోడ గడియారం ఆగిపోయి చాలా ఏళ్ళయింది. అది అత్త గుండెలోంచి వస్తోంది. "వినపడతందా?" అంది కళ్ళు మూసుకునే. "నాకు కూడా వినపడతది. మొదట్లో భయమేసింది. ఇప్పుడు తోడుగా ఉంది." నేను ఆ చప్పుడు లెక్కపెడుతూ నిద్రపోయాను. ఎంత దాకా లెక్కపెట్టానో గుర్తు లేదు.

రొమ్ము ఎముక అతకడానికి మూడు నెలలు. ఆ మూడు నెలలూ అత్త మంచం మీద కూర్చుని ఒకటే ప్రశ్న వేసేది. "నన్ను కల్లంలోకి ఎప్పుడు రానిస్తారు?" రక్తం పలచబడే మాత్ర వేసుకోవాలంటే వేసుకుంది. ఆకుకూర హెచ్చుతగ్గులైతే ఆ మాత్ర సరిగ్గా పనిచేయదని, గోంగూర ఒకరోజు కుండెడు, ఒకరోజు సున్నా కాకుండా రోజూ ఒకే కొలతలో తినమంటే విసుక్కుంటూనే తింది. అన్నీ కల్లం కోసమే. మాఘమాసం వచ్చేసింది, కాయ కోతకొచ్చింది. డాక్టరుగారు, "నడక పరీక్ష చేయించండి, అది చూసి చెబుతా," అన్నారు.

ఆ నడక పరీక్ష చేసేది మా విభాగమే. చివరి సంవత్సరం నా ప్రాజెక్టు కూడా అదే. గుండె ఆపరేషనైన పల్లెవాళ్ళు ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరో కొలవడం. ఆసుపత్రిలో ముప్పై మీటర్ల వరండా, రెండు చివర్లా రెండు ప్లాస్టిక్ కోన్లు, వేలికి నాడి చూపించే క్లిప్పు, నా చేతిలో స్టాప్‌వాచీ. ఇంకో చేతిలో అట్ట మీద అతికించిన ఆయాసం పట్టిక. సున్నా అంటే ఆయాసమే లేదు, పది అంటే ఇక నా వల్ల కాదు. మొదలుపెట్టే ముందు రోగికి చెప్పాల్సిన మాటలు ఒక కాగితం మీద ఉంటాయి. ఆ మాటలే చదవాలి, ఒక్కటి కలపకూడదు, ఒక్కటి తీయకూడదు. అందరికీ ఒకే మాట చెబితేనే అందరినీ ఒకే కొలతతో కొలిచినట్టు.

నాకు ఆ కాగితం నచ్చలేదు. "ఆరు నిమిషాల వ్యవధిలో మీకు సాధ్యమైనంత ఎక్కువ దూరం నడవండి" అని ఉంటుంది. ఇది మనుషులు మాట్లాడే భాషేనా అనుకున్నాను. రోగులు కూడా బడిపిల్లల్లా బిగుసుకుపోయేవాళ్ళు. అందుకని మేడం పక్కన లేనప్పుడు నేను నా పద్ధతి మొదలుపెట్టాను. ఎవరి పనికి తగ్గ మాట వాళ్ళకి. వాడరేవు నుంచి ఒక పడవ పెద్దాయన వస్తే, "తాతా, రేవులో ఇసకలో నడిచినట్టు నడువు," అన్నాను. ఆయన ఒళ్ళు ముందుకి వంచి, కాలి వేళ్ళు నేలకి గుచ్చి గుచ్చి నడిచాడు. సింగరాయకొండ వైపు నుంచి వచ్చిన ఒక పూజారిగారికి, "గుడి చుట్టూ ప్రదక్షిణం చేసినట్టండీ," అని చెప్పాను. ఆయన చేతులు జోడించి, పెదవులు కదుపుతూ, కోను చుట్టూ తిరిగేటప్పుడు మరీ నెమ్మదిగా తిరిగారు. నాకది ఎంత బాగుందో చెప్పలేను. ఒక్కొక్కరి వెంట ఒక్కొక్క ఊరు ఆ వరండాలోకి వచ్చి వెళుతున్నట్టుండేది. నోట్సు పుస్తకం అంచుల్లో వాళ్ళ నడకల బొమ్మలు గీసుకునేదాన్ని. కొలవాల్సినదాన్ని, కలగంటూ కూర్చున్నానన్నమాట.

అత్త పరీక్ష రోజు మేడం కూడా వచ్చి కొంచెం దూరంలో బెంచీ మీద కూర్చున్నారు. మామయ్య తన పక్కన ఎవరూ కూర్చోకుండా సంచీ పెట్టుకుని కూర్చున్నాడు. అత్త కొత్త చీర కట్టుకుంది. ముఖం చూస్తే పబ్లిక్ పరీక్షకి వచ్చినట్టుంది. నేను దగ్గరికి వెళ్ళి, మేడంకి వినపడకుండా, "భయపడకు అత్తా. మన కల్లంలో నడిచినట్టు నడువు, అంతే," అన్నాను.

అత్త ముఖం తేలికపడింది. "అంతేనా?" అంది. గీత దగ్గర చెప్పులు విడిచి గోడవారగా పెట్టింది. ఆసుపత్రి అంటే భక్తి కాబోలనుకుని నవ్వుకున్నాను, వద్దనలేదు. వాచీ నొక్కాను.

అత్త నడిచింది. వరండా ఎర్ర గచ్చు, బాగా పాతది, కిటికీల్లోంచి ఎండ పలకలు పలకలుగా పడుతోంది. అత్త ఒక్కో పలకలోంచి మెల్లగా జరుగుతూ ఇంకో పలకలోకి వెళ్ళింది. తల కదల్లేదు, చీర కుచ్చెళ్ళు ఊగలేదు. నాకు కళ్ళు మూతలుపడ్డాయి. నేను మళ్ళీ కల్లం గట్టు మీద కూర్చున్నట్టు, బడి సంచీ పక్కనే ఉన్నట్టు అనిపించింది. ఆరు నిమిషాలూ అలాగే గడిచిపోయాయి.

ఏడుసార్లు. ముప్పై మీటర్ల వరండాని అత్త ఆరు నిమిషాల్లో ఏడుసార్లు మాత్రమే దాటింది. ఆమె వయసుకి అది చాలా తక్కువ. వేలి క్లిప్పు చూస్తే నాడి పెద్దగా పెరగలేదు. గుండె వేగం అణిచే మాత్ర వేసుకుంటోంది కదా, అందుకేలే అనుకున్నాను. పట్టిక చూపించి, "ఆయాసం ఎంత అత్తా?" అన్నాను. "ఒకటి వేసుకో," అంది. గొప్పకి చెబుతోందనుకున్నాను. చదువుకున్నవాళ్ళకి ప్రతిదానికీ ఒక కారణం దొరుకుతుంది.

అత్తని తీసుకుని, మేడంతో కలిసి, కాగితం పట్టుకుని డాక్టరుగారి గదిలోకి వెళ్ళాం. ఆయన అంకె చూసి తల అడ్డంగా ఊపారు. "ఇంత తక్కువ నడిచే మనిషిని ఎండలో, దుమ్ములో, కల్లంలో నిలబెట్టకూడదు. పొలం పని, కల్లం పని వద్దు. ఇంటిపట్టున ఉండండమ్మా," అన్నారు. నేను అత్త వైపు చూడలేకపోయాను. ఆమె దేనికైనా గట్టిగా మాట్లాడే మనిషి, ఊళ్ళో మగవాళ్ళు కూడా జంకుతారు. ఆరోజు "సరేనండీ," అని ఒక్క మాట అంది. ఒకసారి నా వైపు, ఒకసారి మేడం వైపు చూసింది. చెప్పులు వేసుకుని బయటికి నడిచింది.

రెండు వారాల తర్వాత నేను ఊరికి వెళ్ళాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే దారి పొడుగునా తుమ్మ కొమ్మలకి పత్తి పింజలు వేలాడుతున్నాయి, లారీల మీద నుంచి రాలినవి. నాకు ఏమీ చూడబుద్ధి కాలేదు. మామయ్య ఫోనులో అప్పటికే చెప్పాడు. "ఈ ఏటితో మిరప ఆపేస్తన్నానమ్మా. మీ అత్త లేని కల్లం నా వల్ల కాదు. సుబాబులు వేసేద్దాం. నాటితే వాటంతటవే పెరుగుతయ్." సుబాబులు కాగితం మిల్లుకి వెళ్ళే కలప చెట్లు. ఒకసారి వేస్తే ఏళ్ళ తరబడి ఆ చేలో ఇంకోటి ఉండదు. మొక్కలకి చెప్పేశాడట, నెలాఖరుకి వస్తాయట.

అత్త కల్లం అంచున పట్టా పందిరి కింద మంచం మీద కూర్చుని ఉంది. కల్లంలోకి అడుగు పెట్టలేదు, కానీ కళ్ళు అక్కడే ఉన్నాయి. ఏరే ఆడవాళ్ళు ఏదైనా అడిగితే, "ఆయన్ని అడగండి," అంటోంది. మామయ్యని అడిగితే ఆయన గుప్పెడు కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని, ఏమీ అర్థంకాక కింద పోస్తున్నాడు. అత్త అది చూసి తల తిప్పేసుకుంది. నా కొలత ఆ మనిషిని అక్కడ కూర్చోబెట్టింది.

"దాహంగా ఉంది, ఆ మూల నీళ్ళ సీసా తెచ్చిపెట్టు," అంది అత్త. సీసా కల్లానికి ఆ చివర ఉంది. నేను చెప్పులు విడిచి కాయల్లోకి దిగాను. రెండడుగులు వేశానో లేదో వెనక నుంచి కేక.

"కాళ్ళు ఎత్తకే! కాయ నలుగుద్ది! ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

ఆగిపోయాను. నా కాలికింద రెండు కాయలు చిట్లి గింజలు బయటికొచ్చాయి. పాదం కింద మంట. చుట్టూ చూశాను. కాయ తిరగేస్తున్న నలుగురాడవాళ్ళలో ఒక్కరు కూడా పాదం ఎత్తడం లేదు. నేలకి ఆనించి ముందుకి తోస్తున్నారు. కాయలు పాదానికి అటూ ఇటూ తప్పుకుని దారి ఇస్తున్నాయి. ఒక అడుగు జరగడానికి ఎంత సేపో. తల కదలడం లేదు, కుచ్చెళ్ళు ఊగడం లేదు. కల్లంలో ఎవరైనా అలాగే నడవాలి. చెప్పులు విడవాలి, పాదం ఎత్తకూడదు. నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూస్తున్న నడక అది.

ఎర్రటి కాయల మధ్య ఒక్కదాన్నే నిలబడిపోయాను. ఎండకి గాలి వణుకుతోంది. "కల్లంలో నడిచినట్టు నడువు," అని నా గొంతే నాకు వినిపించింది. అత్త అచ్చం నేను చెప్పినట్టే నడిచింది. విడిచిన చెప్పులు, పెరగని నాడి, "ఒకటి వేసుకో" అన్న మాట, అన్నీ ఒకటొకటిగా వచ్చి నా ముందు నిలబడ్డాయి. సీసా తీసుకుని, పాదాలు ఎత్తకుండా, మెల్లగా వెనక్కి వచ్చాను. అలవాటు కొద్దీ వాచీ చూసుకున్నాను. ఆ కల్లం దాటడానికి మా వరండా మూడుసార్లు దాటేంత సేపు పట్టింది.

అత్తకి అప్పుడు ఏమీ చెప్పలేదు. "ఇంకోసారి పరీక్ష చేయాలి, రా," అన్నాను. మామయ్యతో, "మొక్కలు ఒక్క వారం ఆపు," అన్నాను.

నిజం చెప్పాలంటే మొదట నాకు వచ్చినది దొంగ ఆలోచన. ఈ పరీక్ష మొదటిసారి సరిగ్గా రాకపోతే రెండోసారి చేయడం మామూలే. ఆ వంకతో అత్త ఒక్కదానికీ గుట్టుచప్పుడు కాకుండా చేసేస్తే సరిపోతుంది, నా ప్రాజెక్టు జోలికి ఎవరూ రారు అనుకున్నాను. అదే అనుకుంటూ మేడం గదికి వెళ్ళాను. "మళ్ళీ ఎందుకు?" అని మేడం కళ్ళజోడు తీసి అడిగారు. ఆవిడ కళ్ళజోడు తీస్తే అబద్ధం చెప్పడం నా వల్ల కాదు. మొత్తం చెప్పేశాను.

"ఎంతమందికి ఇట్లా చెప్పావు?"

"పదకొండు మందికీ మేడం."

"ఒక్కొక్కరికి ఏం చెప్పావు?"

రేవులో ఇసక, గుడి ప్రదక్షిణం, పొగాకు ఆరబెట్టే బ్యారనులో కర్రలు అందించే నడక, అన్నీ వరసగా చెప్పాను. ప్రదక్షిణం దగ్గర మేడం పెదవి కొంచెం వణికింది. నవ్వు ఆపుకున్నారో, కోపం ఆపుకున్నారో తెలియదు.

"పదకొండు షీట్లూ పక్కన పెట్టెయ్. మళ్ళీ మొదటి నుంచి చెయ్. మీ బ్యాచితో నువ్వు బయటికి వెళ్ళలేవు, ఇంకో ఆరు నెలలు ఇక్కడే," అన్నారు. నేను తల ఊపాను. "ఆరోజు నేనూ అక్కడే కూర్చున్నాను," అన్నారు మళ్ళీ. "నాడి పెరగకపోవడం చూశాను. నేనూ అడగాల్సింది. మీ అత్తయ్యగారిని రేపే తీసుకురా."

మర్నాడు అదే వరండా, అదే ఎండ పలకలు. అత్త గీత దగ్గరికి వచ్చి చెప్పులు విడవబోయింది. "ఉంచుకో," అన్నాను. తర్వాత కాగితం తీసి, నిటారుగా నిలబడి చదివాను. "ఆరు నిమిషాల వ్యవధిలో మీకు సాధ్యమైనంత ఎక్కువ దూరం నడవండి. పరుగెత్తకండి. ఆయాసం వస్తే నెమ్మదించవచ్చు, ఆగవచ్చు."

అత్త వెనక్కి తిరిగి చూసింది, ఎవరైనా ఉన్నారేమోనని. "ఎవరితో మాట్లాడుతున్నావే?"

"మీతోనేనండీ," అన్నాను. మేడం బెంచీ మీద నుంచి, "కాగితంలో ఉన్నట్టే చదవాలమ్మా, ఏమీ అనుకోకండి," అన్నారు.

అత్త ఈసారి నడిచింది. కాలు ఎత్తి, చేతులు ఊపి, చీర కుచ్చెళ్ళు టపటపలాడుతుంటే, సంత వేళ దాటిపోతుందన్నట్టు నడిచింది. నిమిషానికోసారి నేను కాగితంలో ఉన్న మాట చెప్పాను, "బాగా నడుస్తున్నారు," అని. అంతకుమించి ఒక్క మాట అనడానికి వీల్లేదు. వేలి క్లిప్పులో నాడి పెరుగుతోంది. మూడో నిమిషానికి నుదుటి మీద చెమట. అయిదో నిమిషంలో ఊపిరి నాకు వినిపించింది. ఆగిపోతే? నా తప్పేమీ లేకుండా నిజంగానే ఆమె గుండె ఇంతేనని తేలితే? కోను చుట్టూ తిరిగేటప్పుడు అత్త నన్ను చూసింది, ఆగలేదు.

పదమూడుసార్లు, ఇంకొంచెం. "ఆయాసం ఎంతండీ?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "నాలుగు వేసుకో," అంది అత్త, గోడ పట్టుకుని నవ్వుతూ.

డాక్టరుగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. జరిగింది మేడం చెప్పారు. ఆయన నా వైపు ఒక చూపు చూసి, కొత్త కాగితం రాశారు. కల్లంలో పొద్దునా సాయంత్రం ఉండవచ్చు, నడి ఎండలో కూడదు. ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి. టిక్కీలు ఎత్తకూడదు, ఎత్తించవచ్చు. "ఎత్తించడమే గదా నేను చేసేది," అంది అత్త. మామయ్య వరండా చివరికి వెళ్ళి ఫోనులో మొక్కలు వద్దని చెబుతున్నాడు. ఆ గొంతు ఆసుపత్రి మొత్తానికి వినిపించింది.

మేమిద్దరం బెంచీ మీద కూర్చున్నాం. మధ్యాహ్నం కావడంతో వరండా ఖాళీగా ఉంది. అత్త గుండెలో టిక్, టిక్ అని వినిపిస్తోంది, మామూలు కంటే కొంచెం వేగంగా. ఆ చప్పుడు కాసిన్ని లెక్కపెట్టాను. తర్వాత అడిగాను.

"అత్తా, ఆరోజు కాళ్ళు ఎత్తకుండా నడిచావని నీకు తెలుసా?"

"తెలియకేం? నువ్వు అట్టా నడవమంటేనే గదా నడిచింది."

"మరి డాక్టరుగారు కల్లం వద్దన్నప్పుడు ఎందుకు చెప్పలా? నేను ఇంతకంటే బాగా నడుస్తానని ఒక్క మాట అంటే సరిపోయేదిగా?"

అత్త నా జుట్టు చెవి వెనక్కి సర్దింది. "మీ మేడంగారు పక్కనే నిలబడి ఉన్నారు గదే. నేను నోరు తెరిస్తే, నువ్వు నాకు తప్పు చెప్పావని ఆవిడకి తెలిసిపోదూ? ఇన్నేళ్ళు కష్టపడి చదువుకుంటివి. కల్లం పోతే పోయింది. నీ చదువు చెడితే ఎట్టా?"

ఆ రెండు వారాలు మంచం మీద కూర్చుని, మామయ్య చేతిలో కాయలు చూస్తూ, "ఆయన్ని అడగండి," అన్నది అందుకన్నమాట. నేను గుట్టుచప్పుడు కాకుండా నా ప్రాజెక్టు కాపాడుకోవాలని చూశాను. ఆమె నాకంటే ముందే దాన్ని కాపాడింది, నాలుగెకరాల మిరప పెట్టి. ఇంకో ఆరు నెలలు నేనిక్కడే ఉంటానని ఆమెకి ఇంకా చెప్పలేదు. చెబుదామని నోరు తెరిస్తే ఏడుపొచ్చింది, చిన్నపిల్లకి వచ్చినట్టు, ఊపిరి అందకుండా.

అత్త కంగారుపడలేదు. నా ఒళ్ళోంచి పట్టిక అట్ట తీసుకుంది. దాని మీద సున్నా నుంచి పది దాకా వేలు నడిపించి, నా ముఖం ముందు పెట్టింది.

"ఆయాసం ఎంతే?" అంది.

"పది వేసుకో అత్తా," అన్నాను.